పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో ఏ పేజీ స్క్రీన్ మీద, ఏ పేజీ కాగితం మీద

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి అడిగాడు. “అన్నా, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ పీడీఎఫ్ దించుకున్నా. స్క్రీన్ మీద రెండు పేజీలు చదివేసరికి నిద్ర ముంచుకొస్తోంది. మొత్తం ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే పోలా?”

లెక్క వేసి చూపించాను. పోస్ట్‌గ్రెస్ అంటే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, దాని మాన్యువల్ పీడీఎఫ్ దాదాపు 3,000 పేజీలు. రెండు వైపులా తీసినా 1,500 కాగితాలు, అంటే మూడు రీములు. 75 జీఎస్ఎం ఏ4 రీము రెండు కిలోల మూడు వందల గ్రాములు తూగుతుంది కాబట్టి మొత్తం ఏడు కిలోలు. మా వీధి చివరి జిరాక్స్ షాపులో పేజీకి రెండు రూపాయలు. చాలా పేజీలున్నాయని బతిమాలి రూపాయికి దింపించినా మూడు వేలు, బైండింగ్ వేరే. స్పైరల్‌లో ఒక్కోదానికి రెండు వందల కాగితాలు దాటితే పేజీ తిప్పడం కష్టం, కాబట్టి ఏడెనిమిది సంపుటాలవుతాయి. ఇంతా చేస్తే, ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో కొత్త మేజర్ వెర్షన్ దిగుతుంది.

“అయితే స్క్రీనే గతన్నమాట” అని నీరసంగా వెళ్లబోయాడు. అదీ కాదు. ఆ రోజు టీ తాగుతూ అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. నేను రోజూ కుస్తీ పట్టేది పోస్ట్‌గ్రెస్‌తో కాబట్టి ఉదాహరణలన్నీ అందులోంచే ఇస్తున్నా. మీది పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష అయినా, సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబర్నెటిస్ అయినా పద్ధతి ఇదే.

మాన్యువల్ మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోకండి, పేజీని బట్టి తీసుకోండి. ఆ పేజీతో మీకు పనేమిటి, అందులో ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుంది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

వెతుక్కునే పేజీలు

వీటి గురించి వాదన అక్కర్లేదు, స్క్రీనే. ఒక కమాండ్‌కు ఏ ఆప్షన్లున్నాయి, ఒక ఫంక్షన్ ఏ వరసలో ఏమేం తీసుకుంటుంది, ఫలానా సెట్టింగ్ డిఫాల్ట్ విలువెంత అనే సంగతులు చదవడానికి కావు, చూసుకోవడానికి. అరనిమిషం పని. కాగితంలో ఇండెక్స్ తిరగేసేలోపు కంట్రోల్ ఎఫ్ కొట్టి, చూసి, తిరిగి పనిలో పడొచ్చు.

అయితే వెబ్ పేజీలో కంట్రోల్ ఎఫ్ ఆ ఒక్క పేజీలోనే వెతుకుతుంది. మాట ఏ అధ్యాయంలో ఉందో గుర్తులేనప్పుడు పీడీఎఫ్‌లో వెతకడమే మేలు, 3,000 పేజీలూ ఒకేసారి గాలిస్తుంది. నెట్ సరిగా లేని చోట పనిచేసేవాళ్లకు విండోస్, లినక్స్ మీద జీల్, మాక్ మీద డ్యాష్ ఉన్నాయి. డాక్స్ (మాన్యువల్ పేజీలు) ముందే దించి పెట్టుకుని పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే నేరుగా ఆ పేజీకి వెళ్తారు. బ్రౌజర్‌లోనే కావాలంటే డెవ్‌డాక్స్ ఆఫ్‌లైన్‌లో కూడా పనిచేస్తుంది.

కోడ్ కాపీ చేసుకునే పని ఉంటే పీడీఎఫ్ కూడా వద్దు, వెబ్ పేజీకే వెళ్లండి. పీడీఎఫ్‌లోంచి తీసిన కోడ్‌లో వరస మొదట్లో ఉండాల్సిన ఖాళీలు ఎగిరిపోవడం మామూలే. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో అయితే నష్టం లేదు, పైథాన్‌లో కొంప మునుగుతుంది. రెండు చిన్న గీతలు కలిసి ఒక పొడుగు గీత అయిపోయి, టెర్మినల్‌లో అతికిస్తే కమాండ్ అర్థంకాని ఎర్రర్ ఇవ్వడం కూడా చూశాను.

కూర్చుని చదవాల్సినవి

కాగితం విలువ తెలిసేది ఇక్కడే.

పోస్ట్‌గ్రెస్ మాన్యువల్‌లో 13వ అధ్యాయం కాంకరెన్సీ కంట్రోల్ గురించి. రెండు ట్రాన్సాక్షన్లు (కలిపి ఒక్కటిగా జరగాల్సిన మార్పుల కట్టలు) ఒకే సమయంలో ఒకే టేబుల్ మీద పడితే ఎవరికి ఏం కనిపిస్తుంది, ఎవరు ఎవరి కోసం ఆగుతారు అన్నది అందులో ఉంటుంది. ఒకరి మార్పులు ఇంకొకరికి ఎప్పుడు కనిపించాలో నిర్ణయించే స్థాయిల్లో ఒకటైన రీడ్ కమిటెడ్‌ను వివరిస్తూ ఒక చిన్న ఉదాహరణ ఇస్తారు. వెబ్‌సైట్ అని ఒక టేబుల్, అందులో హిట్స్ అనే కాలమ్, రెండే వరసలు. ఒకదాంట్లో 9, ఇంకోదాంట్లో 10. మొదటి సెషన్ అన్ని వరసలకూ ఒకటి కలుపుతుంది, కానీ ఇంకా కమిట్ చేయలేదు, అంటే మార్పును ఖాయం చేయలేదు. ఈలోగా రెండో సెషన్ హిట్స్ 10 ఉన్న వరసను డిలీట్ చేయమంటుంది. తర్వాత మొదటిది కమిట్ చేస్తుంది. ఎన్ని వరసలు పోతాయి?

ఒక్కటీ పోదు. అప్‌డేట్‌కు ముందూ 10 ఉన్న వరస ఉంది, తర్వాతా ఉంది. అయినా డిలీట్‌కు ఏమీ దొరకదు.

ఆ పేరా నేను స్క్రీన్ మీద కనీసం అయిదుసార్లు చదివి ఉంటాను. చదివిన ప్రతిసారీ తల ఊపి కిందికి స్క్రోల్ చేశాను. అర్థమైందనే అనుకున్నాను. ఎవరైనా ఎందుకలా అని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఒక ఆదివారం ఆ అధ్యాయం ఒక్కటే ప్రింట్ తీసుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మార్జిన్‌లో నిలువు గీత గీసి ఎడమవైపు మొదటి సెషన్, కుడివైపు రెండోది, పైనుంచి కిందికి కాలం. రెండో సెషన్ తన కమాండ్ మొదలైనప్పటి బొమ్మనే చూస్తుంది. ఆ బొమ్మలో మొదటి వరస ఇంకా 9, కాబట్టి దాన్ని వదిలేసింది. రెండో వరస 10, కాబట్టి పట్టుకోబోయింది. కానీ దాన్ని అవతలివాడు అప్పటికే మార్చి పట్టుకుని ఉన్నాడు కాబట్టి ఆగింది. అవతలివాడు కమిట్ చేశాక మళ్లీ చూస్తే అది 11 అయి కూర్చుంది. షరతు తప్పింది, దాన్నీ వదిలేసింది. మొదటి వరస ఇప్పుడు 10 అయినా దాని వంతు ఎప్పుడో దాటిపోయింది. అయిదు నిమిషాల్లో తేలింది. ఆ గీత మీద ఉన్న నాలుగు బాణాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి.

మహత్యం కాగితానిది ఎంత, పెన్సిల్‌ది ఎంత అంటే చెప్పలేను. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని స్క్రీన్ చూస్తూ కూడా అదే గీత గీయొచ్చు. గీయం, అదీ సంగతి. స్క్రీన్ ముందు కూర్చుంటే చెయ్యి మౌస్ మీదే ఉంటుంది, మౌస్ మీద ఉన్న చెయ్యి స్క్రోల్ చేస్తూనే ఉంటుంది. మధ్యలో చాట్ మెసేజ్ ఒకటి టింగుమంటుంది.

దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. 2018లో 54 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన ఒక విశ్లేషణ వెలువడింది. వాటిలో పాల్గొన్నవాళ్లు లక్షా డెబ్భై వేలకు పైమాటే. సమాచారం ఇచ్చే పాఠాలు కాగితం మీద చదివినవాళ్లకు అవగాహన కాస్త మెరుగ్గా ఉందనీ, టైమ్ పరిమితి పెట్టినప్పుడు తేడా పెరిగిందనీ, కథల విషయంలో ఆ తేడా కనిపించలేదనీ తేలింది. అవి పాఠం చదివించి ప్రశ్నలడిగే తరహా పరీక్షలు. ఒక చేత్తో కోడ్ నడుపుతూ ఇంకో చేత్తో మాన్యువల్ చదివే మన పనికి వాటిని యథాతథంగా అంటగట్టలేం. డాక్యుమెంటేషన్‌లో కూర్చుని చదవాల్సిన భాగానికి మాత్రం సరిగ్గా సరిపోతాయని నా అనుభవం.

ఏవి ప్రింట్ తీయదగ్గవి అని గుర్తుపట్టడం సులువు. ఒక పేజీని మూడోసారి తెరిచారంటే, తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి చదువుతున్నారంటే అది కాగితానికి వెళ్లాల్సింది. పోస్ట్‌గ్రెస్‌లో నాకు అలా తేలినవి మూడు: ఈ 13వ అధ్యాయం, 14వ అధ్యాయంలో ఎక్స్‌ప్లెయిన్ (ఒక క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపించే కమాండ్) అవుట్‌పుట్ ఎలా చదవాలో చెప్పే భాగం, బ్యాకప్ నుంచి ఒక నిర్ణీత సమయానికి రికవర్ అయ్యే పద్ధతి. మీకు వేరేవి తేలొచ్చు.

వయసైపోయే కాగితం

పై మూడింటిలో చివరిదే నా కొంప ముంచింది.

అప్పట్లో నేను పనిచేసే చోట మూడు నెలలకోసారి రికవరీ డ్రిల్ ఉండేది. బ్యాకప్ తీసి వేరే మెషీన్ మీద నిలబెట్టి, డేటా సరిగా వచ్చిందో లేదో చూడాలి. నా దగ్గర ఆ భాగం ప్రింటౌట్ ఉంది, వెర్షన్ 11ది. పసుపు హైలైటర్ పూసి, వరస అంకెలు వేసి, ముచ్చటగా తయారుచేసుకున్నది. ఒక శనివారం కొత్త మెషీన్ మీద వెర్షన్ 12 ఎక్కించి, నా కాగితం పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. అందులో ఉన్నట్టే రికవరీ డాట్ కాన్ఫ్ అనే ఫైలు రాసి సర్వర్ స్టార్ట్ చేశాను. లేవలేదు.

స్పెల్లింగ్ చూశాను. పర్మిషన్లు చూశాను. పాత్‌లు చూశాను. ఫైలు తుడిచి మళ్లీ రాశాను. నలభై నిమిషాలు. చివరికి లాగ్ తెరిస్తే అందులో సూటిగా, ఒక్క వాక్యంలో, ఆ ఫైలుకు ఇక సపోర్ట్ లేదని రాసి ఉంది. 2019 అక్టోబరులో వచ్చిన వెర్షన్ 12 నుంచి ఆ ఫైలు ఎత్తేశారు. అందులోని సెట్టింగులన్నీ మెయిన్ కాన్ఫిగ్ ఫైల్లోకి వెళ్లాయి, రికవరీ మొదలుపెట్టమని చెప్పడానికి రికవరీ డాట్ సిగ్నల్ అని ఒక ఖాళీ ఫైలు పెడితే చాలు. పాత ఫైలు కనిపిస్తే సర్వర్ అసలు లేవనే లేవదు. చేతిలో ఉన్న కాగితాన్ని అంతగా నమ్మాను కాబట్టే లాగ్ చూడాలనే ఆలోచన రాలేదు. డ్రిల్ కాబట్టి బతికిపోయాను.

స్క్రీన్ మీద ఈ బెడద ఉండదని కాదు. గూగుల్‌లో వెతికితే ఏ పదేళ్ల కిందటి 9వ సిరీస్ పేజీయో ముందు రావడం పరిపాటి. కానీ అక్కడ పేజీ నెత్తిన వెర్షన్ నంబర్ల వరస ఉంటుంది. సపోర్ట్ అయిపోయిన వెర్షన్ అయితే ఆ మాట కూడా రాసి ఉంటుంది. ఒక క్లిక్‌తో ఇప్పటి వెర్షన్‌కు వెళ్లిపోవచ్చు. నా ప్రింటౌట్‌కు ఆ హెచ్చరిక ఇచ్చేవాళ్లెవరూ లేరు.

అందుకే రెండో ప్రశ్న, ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. పోస్ట్‌గ్రెస్ ఏడాదికోసారి మారుతుంది, ఒక్కో మేజర్ వెర్షన్‌కు అయిదేళ్ల సపోర్ట్. పైథాన్ కూడా అంతే, ఏటా అక్టోబరులో ఒకటి. కుబర్నెటిస్ ఏడాదికి మూడుసార్లు, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆరు వారాలకోసారి. కుబర్నెటిస్ పేజీ ప్రింట్ తీస్తే అది ఆ వారం చదివి పారేయడానికే అనుకోవాలి. దాచుకోకూడదు.

రెండో కొసన ఆర్‌ఎఫ్‌సీలు ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్‌ను నిర్వచించే ఆ పత్రాలు ఒకసారి ప్రచురించాక మారవు. మార్పు కావాలంటే కొత్త నంబరుతో కొత్తది రాస్తారు. 2019 దాకా వచ్చినవాటిని వరసకు 72 అక్షరాలు మించకుండా, పేజీలుగా విరిచి మరీ ఇచ్చేవాళ్లు. ప్రింటర్ కోసమే పుట్టినట్టు ఉంటాయి. ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే జేసన్ ఫార్మాట్ నిర్వచనం ఉన్న 8259వ నంబరుది 16 పేజీలే. రెండు వైపులా తీస్తే ఎనిమిది కాగితాలు, ఒక స్టేప్లర్ పిన్ను. జేసన్‌తో రోజూ పనిచేసే ఎవరైనా ఒక సాయంత్రం దాన్ని కాగితం మీద చదవొచ్చు. నేను చదివినప్పుడు, ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏమవుతుందన్న దగ్గర పెన్ను ఆగిపోయింది. పేర్లు వేరువేరుగా ఉండాలని సలహా ఇస్తుందే తప్ప కచ్చితంగా ఉండి తీరాలని అనదు.

ఇక్కడో పిడకల వేట. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో మెటీరియల్ కొని చదువుకున్నవాళ్లకు ఈ వయసైపోవడం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నేను కొన్న ఒరాకిల్ నోట్స్ జిరాక్స్‌కు జిరాక్స్‌కు జిరాక్స్. ఎవరో ఎప్పుడో పెన్నుతో కొట్టిన అండర్‌లైన్లు కూడా అందులో అచ్చయి వచ్చాయి. ఆ అండర్‌లైన్ ఉన్నచోటే ఇంటర్వ్యూ ప్రశ్న అడుగుతారని మా రూమ్‌లో గట్టి నమ్మకం. ఏ వెర్షన్ గురించి రాశారో మాత్రం ఎక్కడా లేదు. అయినా అది చదివే ఉద్యోగం వచ్చింది, కాబట్టి కాగితాన్ని తిట్టే నైతిక హక్కు నాకు లేదు.

అల్మరా తలుపు మీద ఒక్క కాగితం

చదవడం, వెతుక్కోవడం కాక ఇంకో పని ఉంది. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. స్క్రీన్ నిండా టెర్మినల్స్, ఒక మూల మానిటరింగ్, ఇంకో మూల కాల్‌లో ఆరుగురు. అప్పుడు డాక్స్ కోసం ఇంకో ట్యాబ్ తెరవడానికి స్క్రీన్ మీద చోటు లేదు, తలలోనూ లేదు.

మా ఇంట్లో నా టేబుల్ పక్కన అల్మరా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. అదే 13వ అధ్యాయంలోని టేబుల్ స్థాయి లాక్‌ల (ఒకరు టేబుల్‌ను వాడుతుండగా ఇంకొకర్ని ఆపేవి) పట్టిక. ఎనిమిది మోడ్‌లు అడ్డంగా, అవే ఎనిమిది నిలువుగా, ఏది దేనితో పడదో అక్కడ ఇంటూ గుర్తు. దాని మీద ఎర్ర పెన్నుతో ఏ కమాండ్ ఏ మోడ్ తీసుకుంటుందో రాసుకున్నాను. డేటా చదివే మామూలు సెలెక్ట్ తీసుకునేది యాక్సెస్ షేర్, దానికి పడనిది ఒక్క యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్‌తోనే. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ చాలావరకు తీసుకునేది సరిగ్గా ఆ యాక్సెస్ ఎక్స్‌క్లూజివే. అందుకే పట్టపగలు ఆల్టర్ కొడితే సెలెక్ట్‌లు కూడా క్యూ కడతాయి. డేటా త్వరగా దొరకడానికి టేబుల్ మీద మామూలుగా ఇండెక్స్ వేస్తే షేర్ లాక్. చదివేవాళ్లకు పర్లేదు, రాసేవాళ్లందరూ ఆగిపోతారు. కాంకరెంట్లీ అని చేర్చి వేస్తే ఇంకా తేలికైన లాక్, రాతలు ఆగవు.

“సార్, ఇప్పుడు ఇండెక్స్ వేస్తే ఆర్డర్లు ఆగుతాయా?” అని కాల్‌లో అడిగితే కుర్చీ కాస్త తిప్పి తలుపు తీసి చూసి చెప్తాను. స్క్రీన్ మీద దేన్నీ కదిలించనక్కర్లేదు. ఇలాంటి ఒక్క పేజీ పట్టికలు, ఆపదలో వరసగా చేయాల్సిన పది మెట్లు, ఇవి కాగితం మీద ఉండాల్సిందే. మన సర్వర్ ఎక్కలేకపోయినా, ఆఫీస్ వికీ తెరుచుకోకపోయినా తలుపు తెరుచుకుంటుంది.

ప్రింటర్ దగ్గరికి పోయే ముందు స్క్రీన్‌ను సరిచేయండి

కాగితమే కావాలనేవాళ్లలో సగం మందికి అసలు బాధ స్క్రీన్‌తో కాదు, దాన్ని పెట్టుకున్న తీరుతో. ఆ కుర్రాడి సీటు దగ్గరికి వెళ్లి చూశాను. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, అందులో పీడీఎఫ్, పేజీ మొత్తం కనిపించేలా కుదించి పెట్టాడు. ఆ స్క్రీన్ ఎత్తు 19 సెంటీమీటర్ల చిల్లర, ఏ4 కాగితం ఎత్తు దాదాపు 30. పైన ట్యాబ్‌లు, కింద టాస్క్‌బార్ పోగా అక్షరాలు అసలు సైజులో సగానికి దిగాయి. నిద్ర రాక ఏమవుతుంది?

24 అంగుళాల మానిటర్ అయితే ఎత్తు ఇంచుమించు 30 సెంటీమీటర్లు, వెడల్పు 53. అసలు సైజులో రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పట్టేస్తాయి, పైన కింద మార్జిన్ మాత్రమే కాస్త తెగుతుంది. అదే మానిటర్‌ను నిలువుగా తిప్పితే ఒక్క పేజీని పెద్ద అక్షరాలతో, స్క్రోల్ చేయకుండా చదవొచ్చు. చిన్న స్క్రీన్ తప్పదంటే పేజీ మొత్తం చూడాలన్న పట్టుదల మానేసి, వెడల్పుకు సరిపెట్టి, ఖాళీ మార్జిన్లు కత్తిరించి చూపించే రీడర్ వాడండి. ఓక్యులర్ అనే పీడీఎఫ్ రీడర్‌లో ఆ సదుపాయం ఉంది. వెబ్ పేజీలకైతే జూమ్ 125 శాతం, కిటికీ వెడల్పు తగ్గించడం, ఈ రెండూ చేసినా చాలు. వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగితే కన్ను తిరిగొచ్చేటప్పుడు దారి తప్పుతుంది. ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో రీడర్ వ్యూ కూడా బాగుంటుంది కానీ ఒక్కోసారి పట్టికల్నీ, పక్కనుండే విషయసూచికనూ మింగేస్తుంది. చదివే పేజీలకే వాడండి, వెతికే పేజీలకు వద్దు.

డార్క్ మోడ్ గురించి గొడవలు జరుగుతుంటాయి. నా మాట: గది వెలుతురుకు దగ్గరగా స్క్రీన్ వెలుతురు ఉంటే చాలు. చీకటి గదిలో నల్ల స్క్రీన్ బాగానే ఉంటుంది. కంట్లో ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు చెదిరినట్టు కనిపించొచ్చు, వాళ్లు బలవంతాన అలవాటు చేసుకోనక్కర్లేదు.

నలభై దాటినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే ఇది నాకెవరూ చెప్పలేదు. చత్వారం వచ్చాక ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నాను. ఆ అద్దంలో దగ్గరిది చూసే భాగం కింద ఉంటుంది. మానిటర్ ఎదురుగా, ఎత్తులో ఉంటుంది. దాంతో తెలియకుండానే గడ్డం పైకెత్తి, అద్దం కింది భాగంలోంచి చూస్తూ నెలల తరబడి చదివాను. మెడ పట్టేసింది. కాగితం చదివేటప్పుడు ఆ బాధ లేదు, ఎందుకంటే కాగితం టేబుల్ మీద కిందే ఉంటుంది, కన్ను సహజంగా ఆ భాగంలోంచే చూస్తుంది. నేనేమో కాగితం గొప్పదని సిద్ధాంతం కట్టేశాను. చివరికి కళ్ల డాక్టరు గారు కంప్యూటర్ దూరానికి విడిగా ఒక జత అద్దాలు రాశారు, మానిటర్‌ను నాలుగంగుళాలు దించాను. నా ప్రింటౌట్లు సగానికి పడిపోయాయి.

కళ్లు మండితే ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతోందేమో చూసుకోండి. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువగా ఆర్పుతాం. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. మా ఆఫీసులో ఇరవై అడుగుల దూరంలో కాఫీ మెషీన్ ఉంది, బాగానే కుదిరింది.

ఈ-ఇంక్, ఫోన్ సంగతి

ఈ-బుక్ రీడర్లలో ఉండే ఈ-ఇంక్ స్క్రీన్ కాగితంలాగే వెలుతురును తిప్పికొడుతుంది కాబట్టి కంటికి హాయి. కానీ ఏ4 కాగితం మూల నుంచి మూలకు 14 అంగుళాల పైన. ఆరు, ఏడు అంగుళాల రీడర్‌లో ఆ పీడీఎఫ్ చీమల బారులా ఉంటుంది. ఈపబ్ అనే ఈ-బుక్ ఫార్మాట్ అయితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. పైథాన్ వాళ్లు అధికారికంగా ఈపబ్ ఇస్తారు, దాని ట్యుటోరియల్ అలా చదవడానికి బాగుంటుంది. కోడ్ వరసలు విరిగిపోతాయి, నా లాక్‌ల పట్టికలాంటిది స్క్రీన్ దాటిపోతుంది, వెనక్కీ ముందుకీ తిప్పడం నిదానం. 13 అంగుళాలవి దాదాపు కాగితమంత ఉంటాయి కానీ ఆ డబ్బుతో మంచి మానిటర్ వస్తుంది. రోజూ గంట పైగా చదివేవాళ్లయితేనే ఆలోచించండి.

ఫోన్‌లో రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పేవి) చదవండి, మెట్రోలో టైమ్ పాస్. అంతకు మించి వద్దు.

ప్రింట్ తీసేటప్పుడు

పోస్ట్‌గ్రెస్ వాళ్లు పీడీఎఫ్‌ను ఏ4, అమెరికాలో వాడే లెటర్ అని రెండు సైజుల్లో ఇస్తారు. మన దేశంలో దొరికేది ఏ4, అదే దించండి. పేజీ నంబర్లు చూసి కావాల్సిన అధ్యాయం మటుకే ప్రింట్ ఇవ్వండి. ఒక కాగితం వైపుకు రెండు పేజీలు పెడితే డబ్బు ఆదా అనిపిస్తుంది, కానీ సైజు 71 శాతానికి పడుతుంది, 10 పాయింట్ల అక్షరం 7 అవుతుంది. పాతికేళ్ల వయసులో చదవగలరు, నేను చదవలేను.

వెబ్ పేజీ నేరుగా ప్రింట్ ఇస్తే ముందు ప్రివ్యూ చూడండి. లినక్స్, విండోస్, మాక్ అని ట్యాబ్‌లున్న పేజీలో పైకి తెరిచి ఉన్నదొక్కటే వస్తుంది. పక్కకు స్క్రోల్ చేయాల్సిన కోడ్ వరస సగంలో తెగుతుంది, తెగినట్టు కాగితం మీద గుర్తు కూడా ఉండదు. కోడ్‌లో లేత రంగుల అక్షరాలు నలుపు తెలుపు ప్రింటర్‌లో బూడిదగా అలుక్కుపోతాయి, కాబట్టి ముందు లైట్ థీమ్‌కు మార్చండి. కుబర్నెటిస్ డాక్స్‌లో పక్కనే మొత్తం సెక్షన్‌ను ప్రింట్ చేసే లింకు ఉంటుంది. రస్ట్ పుస్తకంలో పైన ప్రింటర్ బొమ్మ నొక్కితే పుస్తకమంతా ఒకే పేజీగా వస్తుంది. అక్కడ పొరపాటున ప్రింట్ కొట్టకండి, ఆఫీసు ప్రింటర్ దగ్గర మొహం చెల్లదు.

ఇంకోటి. జిరాక్స్ షాపుకు మనం ఫైలు పంపేది వాట్సాప్‌లోనో, ఆ షాపు మెయిల్‌కో. పబ్లిక్ మాన్యువల్ అయితే ఇబ్బంది లేదు. ఆఫీసు అంతర్గత పత్రాలు, సర్వర్ పేర్లున్న రన్‌బుక్‌లు (ఏ పని ఏ వరసలో చేయాలో రాసుకున్నవి) అలా పంపొద్దు. ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద పోయిన నెలలో పంపినవాళ్ల ఆధార్ కార్డులు కూడా ఇంకా ఉంటాయి.

రాసుకోవాల్సిన అధ్యాయాన్ని నేను ఒకవైపే ప్రింట్ తీస్తాను, ఎదురు పేజీ బొమ్మలకు. స్పైరల్ కూడా వద్దు, ఎడమవైపు రెండు పిన్నులు చాలు. విడి కాగితాలు మాత్రం సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టకండి. మొదటి పేజీ నెత్తిన మార్కర్‌తో వెర్షన్ నంబరు, ప్రింట్ తీసిన నెల, సంవత్సరం రాస్తాను, రికవరీ డ్రిల్ తర్వాత పట్టుకున్న అలవాటు. అక్టోబరులో కొత్త వెర్షన్ రిలీజ్ నోట్స్ చదివేటప్పుడు ఆ కట్టలన్నీ ముందేసుకుని, మారినవి తీసేస్తాను. వెనక ఖాళీ ఉన్నవి మా అమ్మాయి లెక్కల రఫ్‌కు వెళ్తాయి. పోయిన దసరా సెలవుల్లో 13వ అధ్యాయం కూడా అలాగే వెళ్లబోయింది, బాణాల గీత ఉన్న పేజీ ఒక్కటి చింపి తీసి అల్మరాలో పెట్టాను. తలుపు మీది పట్టిక మాత్రం నేను అంటించిన నాటి నుంచి మారలేదు, నెత్తిన వెర్షన్ నంబరే నాలుగుసార్లు కొట్టేసి రాశాను.